ఒక్కటీ మానని ఒక్కపొద్దులు

కోటో లావెహ్,
రంజాన్ పండుగ వెళ్లిన వారం.

చెల్లీ రిస్నా,

పండుగకు నువ్వు రాలేదని అమ్మ ఇంకా ముఖం ముడుచుకునే ఉంది. పరీక్ష పేపర్లు దిద్దాలట, సెలవు దొరకలేదట అంటే, "పిల్లల పేపర్లు పండగ కంటే పెద్దవా" అంటుంది. నీ వాటా రెండాంగ్ మాంసం కూర డబ్బాలో పెట్టి వ్యాను డ్రైవర్ అఫ్రిజాల్ చేత పెకన్‌బారు పంపుతున్నాను. ఈ ఉత్తరం డబ్బా అడుగున ఉంటుంది. ఫోన్ ఉండగా ఇదేం పాత పద్ధతి అనుకోకు. మన ఇంటి గదుల మధ్య చెక్క గోడల సంగతి నీకు తెలియనిది కాదు. నేను దగ్గితే చివరి గదిలోంచి అమ్మ "వేణ్నీళ్లు తాగు" అంటుంది. నాకు వచ్చిన మెసేజ్‌లు మొదట చదివేది కూడా ఆవిడే, కళ్లజోడు పెట్టుకుని, పైకి.

ఈసారి ఒక్కపొద్దులు ఒక్కటీ మానకుండా ఉన్నాను. రాత్రి మన వీధి సురావు మసీదులో జరిగే నమాజుకూ నెలంతా వెళ్లాను. నెలసరి రోజుల్లో ఒక్కపొద్దూ నమాజూ ఉండవు కనుక, ఆడవాళ్ల వరసలో ఎవరు ఏ రోజుల్లో కనిపించలేదో గమనించేవాళ్లకు మన వీధిలో కొదవ లేదు కదా. నెలాఖరులో ఎలిదార్ పిన్ని నా పక్కన చాప పరుస్తూ, "ఏమే నెల్మా, ఈ నెల సెలవు తీసుకోవా నువ్వు? కడుపులో ఎవరైనా నమాజుకి తోడొస్తున్నారా ఏంటి?" అంది. వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోవడమే పొరపాటయింది. తెల్లారేసరికి ఆ మాట మన వంటింట్లోకి వచ్చేసింది.

అమ్మ నన్నేమీ అడగలేదు. తెల్లవారుజాము భోజనంలో చేప తల తీసి నా కంచంలో వేసింది, అంతే. పండుగ రోజు మన వంశపెద్ద దాతుక్ మామయ్య చాప మీద కూర్చోగానే, "మా అక్క ఇంటికి ఆడపిల్ల రావాలని దువా చేసుకున్నాను. మన ఆచారంలో ఇల్లూ పొలమూ కూతురి వరసకే. ఆడపిల్ల పుట్టని ఇల్లు తాళం పెట్టిన ఇల్లే. మనం పోయాక ఈ గదులెవరివి, ఆ పొలమెవరిది?" అన్నాడు. మీ బావ లేచి వెళ్లి మోటార్‌సైకిల్ కడుక్కున్నాడు. కడిగిన బండినే మళ్లీ కడిగాడు.

అమ్మ నీకు ఫోన్ చేసి ఏదో చెబుతుంది. విను. ఎవరికీ చెప్పకు. నేను బాగానే ఉన్నాను.

నెల్మా


పెకన్‌బారు,
జూన్ చివర.

అక్కా,

ఎవరికీ చెప్పకన్నావు. రెండాంగ్ నూనె పీల్చుకున్న నీ ఉత్తరం చేతికి వచ్చేసరికే ఆలస్యమైపోయింది. అమ్మ ఫోన్ నీ డబ్బా కంటే ముందే వచ్చింది. "కొత్త సంవత్సరానికి నువ్వు పిన్నివి" అంది. అమ్మ లెక్కన మన పిల్ల నెలలు నిండకుండానే నడుచుకుంటూ వచ్చేస్తుంది. నేను ఆగలేక బడిలో టీచర్ల గదిలో అందరికీ గలామాయ్ మిఠాయి ముక్కలు పంచాను. ఓడ మీద ఉన్న హెంద్రికి కూడా చెప్పాను. "మా వదినకు పుల్లమామిడి పంపు" అన్నాడు. పెళ్లి కాకముందే వదిన అయిపోయావు అతనికి.

పెళ్లయిన ఈ ఆరేళ్లు ఎంత పడ్డావో నాకు తెలుసు. పెళ్లిళ్లలో నిన్ను పసిపిల్లల దగ్గర కూర్చోనీయకుండా ఎలా పక్కకు జరిపేవారో చూశాను. అందుకే నువ్వు ఇంత ముభావంగా రాసినా నేను పట్టించుకోను. దిష్టి తగులుతుందని భయం, అంతేగా.

ఇప్పుడు నా మాట. యోగ్యకర్తలో పై చదువుకు సీటు వచ్చింది. హెంద్రికి ఓడలో పెద్ద పరీక్ష ఉంది. పెళ్లి మూడేళ్లు వెనక్కి జరుపుకుందామనుకున్నాం. అమ్మకు ఎలా చెప్పాలా అని ఇన్నాళ్లూ వణికాను. ఇంటికి కావలసిన ఆడపిల్లను నువ్వు ఇచ్చేస్తున్నావు కాబట్టి ఇక నన్నెవరూ తరమరు. నాకు ఇరవై ఎనిమిదేగా. ముప్పై అయిదుకో ముప్పై ఏడుకో నా వంతు చూసుకుంటాను.

బావను బండి కడగడం ఆపి ఉయ్యాల బిగించమను.

రిస్నా


కోటో లావెహ్,
జూలై.

రిస్నా,

కడుపు లేదు. ఈ మాట మొదటి వాక్యంలోనే రాయకపోతే చివరి దాకా రాయలేను.

ఏడాదిగా నాకు నెలసరి తప్పి తప్పి వస్తోంది. రంజాన్‌కు ముందు, బావ షెడ్డుకు సామాన్లు తేవాలని అమ్మకు చెప్పి ఇద్దరం పడాంగ్ వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ నా ఈడుదే. రక్తం తీయించింది, స్కానింగు చేసింది. తరువాత కుర్చీ దగ్గరికి లాక్కుని నిదానంగా చెప్పింది. ఆడపిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడే జన్మకు సరిపడా అండాలు తెచ్చుకుంటుందట. ఆ తరువాత కొత్తవి పుట్టవట. నెలకొకటి విడుదలవుతుందని మనం బళ్లో చదువుకున్నాం. ఆ ఒక్కదానితో పాటు ఎన్నో కరిగిపోతాయట, నెలనెలా, మనకు తెలియకుండానే. "మీ ఇళ్ల ముందు వడ్ల గాదెలుంటాయి కదా, అలాగనుకోండి. కొందరి గాదె యాభై ఏళ్ల దాకా వస్తుంది. కొందరిది ముందే అడుగంటుతుంది. మీది అడుగు కనిపిస్తోంది" అంది.

"నేనేం తప్పు చేశానమ్మా? కారం ఎక్కువ తిన్నానా, పొలంలో బరువులు మోశానా?" అని అడిగాను.

"మీరు చేసిందేమీ లేదు" అంది.

అది వినగానే ఏడుపొచ్చింది. ఏదైనా తప్పు ఉంటే దిద్దుకునేదాన్ని కదా.

అసలే లేవని కాదంది. ఈ పరీక్ష ఎన్ని మిగిలాయో సుమారుగా చెబుతుంది తప్ప అవి మంచివో కావో చెప్పదట. నా వయసుకు మిగిలినవాటిలో మంచివి ఉండొచ్చు, ఒక్కటి నిలిచినా చాలు, కానీ ఆలోచిస్తూ కూర్చునేంత వ్యవధి మాత్రం లేదంది. తిరుగు దారిలో మీ బావ కొండ మలుపులో బండి ఆపి, "ఆకలేస్తోందా?" అన్నాడు. అంతకు మించి నేను అననివ్వలేదు.

సిగ్గుగా ఉంది. బావ వేలు ఇనుము కింద నలిగినప్పుడు ఊరంతా అరటిపళ్లు పట్టుకుని వచ్చింది. దీనికెవరు ఏం తెస్తారు? ముప్పై నాలుగేళ్ల మనిషి ఒంట్లో ముసలితనం వచ్చిందంటే ముందు నవ్వుతారు, తరువాత జాలిపడతారు. రంజాన్ మధ్యలో నాలుగు రోజులు మానేసి వంటింట్లో చాటుగా తిందామా అని కూడా అనుకున్నాను, నెలసరి వచ్చినట్టు. అన్నం కలిపి ముద్ద చేశాక చేయి లేవలేదు. మనుషులతో ఆడే అబద్ధం చాలదని దేవుడితో కూడానా అనిపించింది. తీరా మానకపోతే ఇలా అయింది. నోరు తెరిచి చెప్పని అబద్ధాన్ని ఇప్పుడు ఊరంతా మోస్తోంది.

డాక్టరమ్మ ఇంకేవో అడిగింది. మరోసారి రాస్తాను. నువ్వు మాత్రం ముప్పై ఏడు దాకా అని అంత దూరం పెట్టుకోకు.

అమ్మకు చెప్పకు. నీ కాళ్లు పట్టుకుంటాను.

నెల్మా


పెకన్‌బారు,
జూలై.

అక్కా,

గలామాయ్ తిన్నవాళ్లంతా రోజూ అడుగుతున్నారు, "మీ అక్కకు ఎలా ఉంది?" అని. బాగుంది అంటున్నాను. నీకోసం నేనూ మొదలుపెట్టాను అబద్ధాలు. నన్ను క్షమించు. పుల్లమామిడి అన్నానే, ఉయ్యాల అన్నానే, అవి చదువుతూ నువ్వు ఎక్కడ కూర్చున్నావోనని నిద్ర పట్టడం లేదు.

అమ్మకు చెప్పు. నేను చెప్పను, నువ్వే చెప్పు. బావ వాళ్లమ్మ ఆనవాయితీ ప్రకారం కడుపుతో ఉన్న కోడలికని వండి తట్టల్లో తీసుకురాకముందే చెప్పు. ఆ తట్టలు గుమ్మం దాటాక ఏ మాటా గొంతులోంచి రాదు.

ఒకటి మాత్రం నచ్చలేదు. నీ కష్టం నీది, దాన్లోకి నా ముప్పై ఏడు ఎందుకొచ్చింది? ఆ వాక్యం నీ చేతిరాతలో ఉన్న అమ్మ మాట. నీకు పిల్లలు పుట్టకపోతే నేను పరుగెత్తుకొచ్చి కనాలా? నా ఒంటికేం, గడియారంలా నడుస్తోంది. మనసులో పెట్టుకోకు, కానీ రాయకుండా ఉండలేకపోయాను.

రిస్నా


కోటో లావెహ్,
ఆగస్టు.

రిస్నా,

నువ్వు భయపడినట్టే అయింది. చెప్పడానికి రోజు చూసుకుంటూ ఉండగానే అత్తగారు వచ్చారు. ఆవిడా, ఆడపడుచులూ, పసుపు అన్నం, కోడి కూర, చేపల పులుసు తట్టలు తల మీద పెట్టుకుని వీధి పొడుగునా నడిచి వచ్చారు. వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. దాతుక్ మామయ్య అప్పటికే వచ్చి నడిమింట్లో కూర్చుని ఉన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్లి, పొయ్యి దగ్గరున్న అమ్మకు చెప్పాను. అమ్మ గరిటె ఆపలేదు. చాలాసేపు కలిపి, "పోయిందని చెబుదాం" అంది.

"ఏది?"

"కడుపు. జారిపోయిందంటే ఎవరూ ఏమీ అనరు. కాసేపు ఏడుస్తారు, అన్నం తింటారు, వెళ్తారు. నువ్వు మాట్లాడక్కర్లేదు, పడుకో చాలు."

"లేని పిల్లను చంపమంటావా అమ్మా?"

అప్పుడు అమ్మ పొయ్యి ముందు చతికిలబడిపోయింది. "నీకు ముప్పై నాలుగు. నాకు ముప్పై ఎనిమిదికి పూర్తిగా ఆగిపోయింది. రిస్నా బడికి వెళ్లడం మొదలెట్టిన ఏడాది" అంది. ఎవరికీ చెప్పలేదట, నాన్నకు కూడా. ముప్పై ఎనిమిదికే ఎండిపోయిందంటారని, మొగుడికి మరో పెళ్లి మాట ఎత్తుతారని. అందుకని నెలనెలా కొన్ని రోజులు సురావు మానేసి, అరుగు మీద అందరికీ కనపడేలా కూర్చుని చాప అల్లేదట. నీకు గుర్తుందా ఆ చాపలు? ఎలిదార్ పిన్ని కొట్లో, నలుగురూ ఉన్నప్పుడు చూసి, నెలసరి గుడ్డల ప్యాకెట్ అడిగి కొనేదట. యాభై దాటేదాకా అలాగే. "జనం కళ్ల కోసం అల్లా నమాజు మానేశాను. ఇప్పుడు ఒక్కొక్కటే తీరుస్తున్నా. నా ఆయుష్షు చాలదు" అంది. ప్రతి నమాజు తరువాత అమ్మ అంతసేపు లేవకపోతే మోకాళ్ల నొప్పి అనుకునేవాళ్లం.

నేను నడిమింట్లోకి వెళ్లి అత్తగారి ముందు కూర్చుని చెప్పేశాను. కడుపు లేదు, ఎప్పుడూ రాలేదు, వస్తుందో రాదో తెలియదు అని. తల ఎత్తలేదు, చాప అల్లిక చూస్తూ చెప్పాను. మామయ్య మీ బావ వైపు తిరిగి, "అల్లుడంటే మొద్దు మీద బూడిద, గాలొస్తే ఎగిరిపోతాడు. నీకు ఈ ఇంట్లో ఇంకేం పని?" అన్నాడు. బావ, "గాలి రానీండి మామయ్యా, చూద్దాం" అన్నాడు. అంత మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. అత్తగారు మాత్రం ఎవరి వైపూ చూడకుండా తట్టల మీది గుడ్డలు తీసింది. "ఇంత దూరం నెత్తిన మోసుకొచ్చాం. ఆరిపోతోంది, తినండి" అంది. తిన్నాం. అంత సిగ్గుపడుతూ అన్నం తినడం నాకు అదే మొదలు.

ఇక నీకు దాచింది. డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు రెండు. మీ అమ్మకు ఎప్పుడు ఆగిపోయింది, అక్కచెల్లెళ్లు ఉన్నారా అని. ఇది ఇంటి రక్తంలో నడవొచ్చు, చెల్లెలుంటే తొందరగా చూపించుకోవాలి అంది. మొదటిదానికి తెలియదన్నాను. రెండోదానికి, లేరన్నాను.

పెళ్లి కుదిరిన పిల్లవి, నీ పేరు అందులోకి రాకూడదనుకున్నానని రాయొచ్చు. అది సగమే. చెల్లెలికీ ఉండొచ్చు అన్నప్పుడు ఒక్క క్షణం నాకు ఊరటగా అనిపించింది, నేనొక్కదాన్నే కాదని. ఆ ఊరట చూసి నాకే అసహ్యం వేసి, నువ్వు లేవు అనేశాను. ముప్పై ఏడు దాకా పెట్టుకోకు అన్నది అమ్మ మాట కాదు.

వెళ్లి చూపించుకో.

నెల్మా


పెకన్‌బారు,
అక్టోబరు.

అక్కా,

ఇన్నాళ్లు రాయలేదు. కావాలనే రాయలేదు. "లేరన్నాను" అన్న మాట దగ్గర ఉత్తరం మడిచి బీరువా అడుగున పడేశాను. నువ్వు చేసిన ఫోన్లు తీయలేదు. అమ్మ ఫోన్ తీస్తే, "ఇక చదువులు చాలు, వచ్చి పెళ్లి చేసుకో" అంది. నేను మనిషినా, ఇంటి ముందరి గాదెనా అని అరిచి పెట్టేశాను.

ఆ తరువాత ఒక్కదాన్నే వెళ్లాను. ఊళ్లో పెద్ద ఆసుపత్రికి వెళ్తే నా విద్యార్థుల తల్లులు కనపడతారని, ఊరి చివర క్లినిక్ వెతుక్కున్నాను. కౌంటర్ దగ్గర అమ్మాయి "మీ ఆయన పేరు?" అంది, అందరికీ వినపడేలా. పెళ్లి కాలేదని చెబితే ఆ గదిలో ఉన్న తలలన్నీ నావైపు తిరుగుతాయి. హెంద్రి పేరు చెప్పాను. ఏం పని అంటే ఓడ మీద ఉన్నారన్నాను, బహువచనంతో. చూశావా అక్కా, నువ్వు ఉన్న చెల్లెల్ని లేదన్నావు, నేను లేని మొగుణ్ణి ఉన్నాడన్నాను. కుర్చీలో కూర్చున్నాక కోపం నిలవలేదు. పడాంగ్‌లో నువ్వు కూర్చున్న కుర్చీ కూడా ఇలాగే ఉండి ఉంటుందనిపించింది.

నా నిల్వ నీ అంత తక్కువ కాదు. నా వయసుకు ఉండాల్సినంతా లేదు. నెలసరి సరిగా వస్తోంది కదా అని అక్కడి డాక్టరమ్మను అడిగితే, సరిగా వస్తున్నంత మాత్రాన గాదె నిండుగా ఉందని కాదంది. ఇది చూసి ఎప్పుడు ఆగిపోతుందో తేదీ చెప్పలేం, ఇప్పుడు గర్భం రాదనీ చెప్పలేం, కానీ అమ్మకూ అక్కకూ ఇలా ఉంది కాబట్టి ముప్పైల చివరి దాకా ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దంది. అండాలు ఇప్పుడే తీయించి దాచుకోవచ్చా అంటే, పెళ్లయినవాళ్లకైతేనే చేస్తానంది. అప్పుడు మళ్లీ తల దించుకుని అసలు సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. కాగితం మీద మొగుడి పేరు కొట్టేసింది.

హెంద్రికి చెప్పడం ఇంకా కష్టమయింది. పెళ్లికి ముందే నా ఒంటి లోపలి లెక్క అతని ముందు పెట్టాలంటే, సరుకు చూపించి అమ్ముకుంటున్నట్టు అనిపించింది. విని, "నీకు భయంగా ఉందా? నాకుంది" అన్నాడు. అంతే. నాకు ఆ మాట చాలు అనిపించింది.

డిసెంబరులో నిఖా చేసుకుంటాం. చిన్నగా. ఫిబ్రవరిలో యోగ్యకర్త వెళ్తాను, సీటు వదలను. పిల్లలు ఎప్పుడో ఏమో, అది నేనూ అతనూ చూసుకుంటాం. ఆడపిల్లను కంటానని మామయ్యకు మాట ఇవ్వను. ఇచ్చినట్టు నువ్వు కూడా చెప్పకు.

నిఖాకు పసిపిల్లల పక్కనే కూర్చో. ఎవరైనా జరగమంటే నన్ను పిలువు.

రిస్నా


కోటో లావెహ్,
ఫిబ్రవరి.

రిస్నా,

యోగ్యకర్తలో గది దొరికిందని హెంద్రి చెప్పాడు. అక్కడి కూరల్లో బెల్లం వేస్తారట, కారం పొడి పంపుతున్నాను.

మా సంగతి. జనవరిలో పడాంగ్‌లో ఒకసారి ప్రయత్నం చేశాం. ఇన్ని సూదుల తరువాత చేతికి వచ్చింది ఒక్క అండం. దాన్ని బయట పిండంగా చేసి లోపల పెట్టారు. నిలవలేదు. నాకు పరీక్షలో తెలియకముందే ఒంట్లో తెలిసిపోయింది. మళ్లీ చేద్దామా వద్దా అని ఇంకా అనుకోలేదు. బావ తొందరపెట్టడు. అనాథ పిల్లను తెచ్చి పెంచుకునే మాట ఆయనే ఒకసారి ఎత్తాడు, నేను విన్నాను, కాదనలేదు. ఇప్పటికి అంతే.

అమ్మ గురించి రాయాలి. శుక్రవారం సురావులో నమాజు అయ్యాక ఆడవాళ్లం కూర్చుని ఉన్నాం. ఎలిదార్ పిన్ని వాళ్ల యెల్నాకు పెళ్లయి నాలుగేళ్లు కదా, ఆ మాట వచ్చింది. "మా అల్లుడే చవిటి నేల. చూడ్డానికే మనిషి" అంది పిన్ని. యెల్నా పక్కనే ఉంది, తల గుడ్డ కొస నలుపుతూ. అందరూ నవ్వారు.

అమ్మ నమాజు బట్ట మడతపెడుతూ, "ఎలిదార్, అల్లుణ్ణి అనకు. కారణం ఎవరిలో ఉందో నీకేం తెలుసు? నాకు ముప్పై ఎనిమిదికే ఆగిపోయింది. మా నెల్మాది అదే దారి. పిల్లనీ అల్లుణ్ణీ డాక్టరు దగ్గరికి పంపు" అంది.

నా చెవులు కాలిపోయాయి. అమ్మ కొంగు పట్టి లాగాను కూడా.

ఎవరో వెనక నుంచి, "అదేంటి వదినా, నువ్వు ఆ తరవాత కూడా నెలనెలా నమాజు మానేదానివిగా, అరుగు మీద కూర్చుని?" అన్నారు.

"మానేదాన్ని. మీకోసం మానేదాన్ని" అంది అమ్మ. అని, మళ్లీ బట్ట విప్పి కప్పుకుని, బాకీ ఉన్న నమాజుకు లేచి నిలబడింది. ఆ తరువాత ఒక్కొక్కరే చాపలు చుట్టుకున్నారు.

ఆ రోజు ఇంటికి వస్తుంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మ మీద కోపం వచ్చింది. వీధి మొదటి నుంచి చివరి దాకా గుమ్మాల్లో ఉన్నవాళ్లంతా నా పొట్ట వైపే చూస్తున్నట్టు అనిపించింది. నిజం చెప్పేస్తే సిగ్గు పోతుందంటారు. నాకు పోలేదు రిస్నా. ఈ ఉత్తరం రాస్తుంటే కూడా ఉంది.

అయినా మర్నాడు పొద్దున యెల్నా వంటింటి వైపు గుమ్మంలోకి వచ్చింది, ఉప్పు అడిగే నెపంతో. ఉప్పు ఇచ్చాను. వెళ్లలేదు. గిన్నె చేతుల్లో తిప్పుతూ, "అక్కా, ఆ డాక్టరమ్మ ముందు ఎలా మొదలుపెట్టాలి? నాకు మాటలు రావు" అంది.

"నాకూ రాలేదు" అన్నాను.

గురువారం అఫ్రిజాల్ వ్యానులో ఇద్దరం పడాంగ్ వెళ్తున్నాం. వాళ్లమ్మకు తెలుసు. కిటికీ పక్క సీటు యెల్నాకు చెప్పాను, కొండ మలుపుల్లో ఆ పిల్లకు కడుపులో తిప్పుతుంది.

నీ అక్క,
నెల్మా